ఆరో పుస్తకంలో పడవ రాదు

నా రాతలో తప్పులుంటే మన్నించాలి. ఒత్తులు ఎక్కడ పడాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. మా వీధిలో అంగన్‌వాడీ నడిపే సుభాషిణి ఈ కాగితాలు చూసి కొన్ని సరిదిద్దింది, మిగిలినవి నావే. రాయడం కూడా నిదానం. ఇది మొదలుపెట్టి రెండు నెలలు దాటింది.

మా ఆయన ఖాజా మొహిద్దీన్ పరుపులు చేసేవారు. ఆయన దూది ఏకితే నేను కుట్టేదాన్ని. ఆయనకు కథల పుస్తకాలంటే ప్రాణం. దూది కోసం నెల్లూరు వెళ్ళినప్పుడల్లా సంచిలో ఒక పుస్తకం ఉండేది. అన్నిటిలోకీ ఆయన మెచ్చింది 'పన్నెండు రేవులు'. పన్నెండు రేవులకు పన్నెండు పుస్తకాలు, ఒక్కొక్కటీ తలదిండంత. రెక్కల పాములు, నీటి అడుగున కోటలు, ఉప్పుతో మనుషుల్ని చేసే మంత్రగాళ్ళు. మధ్యాహ్నం నమాజు, అన్నం అయ్యాక ఆయన దూది మూటకు ఆనుకుని పైకి చదివేవారు. నేను కుడుతూ వినేదాన్ని. ఎవరైనా చచ్చిపోయే చోట సూది ఆపేసేదాన్ని.

అయిదు పుస్తకాలకు నాలుగేళ్ళు పట్టింది. అయిదోదాని చివర కేతనుడు అనే పడవవాడు నిప్పురాయి తేవడానికి పాముల దీవికి బయలుదేరుతాడు. అతని భార్య తరళ ఆరో రేవు ఒడ్డున నిలబడి చూస్తూ ఉంటుంది. ఆరో పుస్తకం తెచ్చి ఆయన పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేశారు.

"అంగడి అబ్బాయి చెప్పినాడు జమాలూ, అందరూ ఈ ఆరోదాంట్లోనే ఆగిపోతారంట. ఓపిక పట్టాలంట" అన్నారు.

ఆ వారమే ఆయన గుండె ఆగిపోయింది. పుస్తకం తెరవనే లేదు.

మాలో భర్త పోతే భార్య నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. మొదటి నెల అందరూ వచ్చారు. రెండో నెలకు ఇల్లు ఖాళీ అయింది. మాకు పిల్లలు లేరు. చిట్టమూరులో ఉన్న చెల్లెలు సాహిరా శుక్రవారం శుక్రవారం ఫోను చేసేది. నేను గోడకు ఆనుకుని ఆ అట్ట వేసిన పుస్తకం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు పరామర్శకు వచ్చిన సుభాషిణిని అడిగాను, ఇందులో ఏముందో చదివిపెట్టమని. ఆమె రెండు పేజీలు చదివి, "ఇంత పుస్తకం నేనెప్పుడు చదివేది పిన్నమ్మా, నీకే నేర్పిస్తా పట్టు" అంది. మర్నాడు పలక తెచ్చింది. అప్పుడు నాకు యాభై తొమ్మిదేళ్ళు. నాలుగు నెలల పది రోజులు గడిచి నేను గడప దాటేసరికి నా పేరు రాయగలిగాను. పుస్తకం మొదటి పేజీ చదవడానికి ఇంకో ఏడాది పట్టింది.

అక్షరాలు కళ్ళముందు కలిసిపోకుండా పరుపులు కుట్టే దబ్బనాన్ని వరస కింద పెట్టి జరుపుకుంటూ చదివేదాన్ని. మధ్యాహ్నానికి ఒక పేజీ. ఆ పుస్తకంలో ఏమీ జరగదు. తరళ తాళ్ళు ఆరబెడుతుంది. వాన వస్తుంది. దీపస్తంభానికి నూనె ఎవరు పోయాలని రేవు పెద్దలు నలభై పేజీలు మాట్లాడుకుంటారు. నలభై పేజీలు అంటే నాకు నలభై మధ్యాహ్నాలు. కేతనుడి జాడ లేదు. పాములు ఒక్కసారైనా ఎగరవు. అయినా వదలలేదు. స్పాంజి పరుపులు వచ్చాక మా పనికి పిలిచేవాళ్ళు లేరు. ఎప్పుడో ఒక బొంత కుట్టడం తప్ప నాకు వేరే పని లేదు.

అలాంటి రోజుల్లోనే మాలకొండమ్మ వచ్చింది.

ఆమెది మా ఊరి కింద సముద్రపు ఒడ్డున ఉన్న పాలెం. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి, తిరుగుదారిలో మా అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగింది. నేను లోపల పైకి చదువుతున్నాను. పైకి చదవకపోతే నాకు అర్థం కాదు.

"ఎవరితో మాట్లాడతా ఉండావు బూబమ్మా?" అంది.

"పుస్తకం చదువుతున్నానక్కా."

"పుస్తకమా? నేను నీకు జొరం వొచ్చిందేమో అనుకున్నా. ఒక్కో ముక్కా కక్కినట్టు చెప్తా ఉంటివి."

నీళ్ళు తాగి వెళ్ళిపోతుందనుకున్నాను. పోలేదు. "ఎవరా ఆడమనిషి, ఒడ్డున నిలబడి ఉండేది?" అని అడిగింది. చెప్పాను. మొగుడు పడవ మీద పోయాడని, ఇంకా రాలేదని. ఆమె కాళ్ళు చాపుకుని స్తంభానికి ఆనుకుంది.

"ఊఁ, చదువు" అంది.

ఆ రోజు నుంచి రోజూ వచ్చేది. వస్తూనే గంప దించి, "వొచ్చిందా పడవ?" అనేది. "ఇంకా రాలేదక్కా" అనేదాన్ని. "సరే, కానీ" అనేది. నేను చదువుతుంటే తప్పులు పట్టేది. అక్షరాలవి కాదు, కథలోవి.

"ఉత్తరపు గాలికి తాడు అట్టా కడతారా? ఎవడు రాసినాడో వాడు పడవ ఎక్కినోడు కాదు."

"మంత్రాల కథక్కా అది."

"మంత్రమైతే మాత్రం తాడు తాడు గాదా?"

నా చదువును కూడా వదిలేది కాదు. "నువ్వు ఆ వరస దాటేలోపల నేను కోవూరు పోయి రావొచ్చు" అనేది. నేను నవ్వేదాన్ని. ఆయన పోయాక మా ఇంట్లో నేను నవ్వడం అదే మొదలు.

మాలకొండమ్మ నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా ఎర్రగాజులు ఉండేవి. ఆమె భర్త ముత్యాలయ్య పదకొండేళ్ళ కిందట తుపానుకు ముందురోజు వేటకు వెళ్ళాడు. పడవలో నలుగురు. ముగ్గురి శవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ఆయనది రాలేదు. శవం దొరకకపోతే వాళ్ళలో గడ్డితో మనిషి బొమ్మ కట్టి కర్మ చేస్తారు. కొడుకు పెంచలయ్య ఏటా అడిగేవాడు, నాయన నీళ్ళకు అలమటిస్తుంటాడమ్మా, కానిచ్చేద్దామని. ఆమె చీపురు ఎత్తి కొట్టబోయేది. "చూసినోడు ఎవుడురా? చూసినోడిని తీసుకురా, అప్పుడు తీస్తా నా గాజులు" అనేదట. ఈ సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆమె మాత్రం నాతో ఎప్పుడూ అనలేదు. నేను అడగలేదు.

అలా ఏడు నెలలు గడిచాయి. ఆశ్వయుజంలో ఆమె రెండు రోజులు రాలేదు. మూడో రోజు వచ్చి గంప దించకుండానే నిలబడింది.

"మా కోడలు దుర్గ నవ్వతా ఉంది బూబమ్మా. ఏడు నెలల నించి పోతా ఉండావు, ఆ కథలో ఏమైనా అయిందా అత్తా అంటే నాకు చెప్పేదానికి ఒక్క ముక్క లేదు. నూనె సంగతి చెప్తే పడీ పడీ నవ్వింది. రేపట్నించి అల్లూరు పక్కకి పోతా, అటు బేరం బాగుందంట."

"ఈ పూటకు కూర్చో అక్కా" అన్నాను. నా గొంతు నాకే దీనంగా వినిపించింది.

కూర్చుంది. నేను దబ్బనం వరస కింద పెట్టాను. వరసలో రేవు పెద్దలు ఉప్పు కొలతల గురించి మాట్లాడుతున్నారు. ఇది చదివితే ఆమె రేపు రాదు. రేపు రాకపోతే ఇక ఎప్పుడూ రాదు. నా నోరు వేరే మాట అంది.

"అప్పుడు దూరంగా ఒక తెరచాప కనిపించింది."

మాలకొండమ్మ కాళ్ళు ముడుచుకుని ముందుకు వంగింది. "ఎవురిది?"

"రేపు చెప్తాడు" అని పుస్తకం మూసేశాను.

అల్లూరు వైపు పోలేదు. మర్నాడు ఎప్పటికంటే ముందే వచ్చింది. ఆ తెరచాప కేతనుడిది కాదని, దారి తప్పిన వర్తకుడిదని చెప్పాను. ఆ వర్తకుడి దగ్గర పాము రెక్క ఒకటి ఉంది. రెక్క మీద ఏవో గుర్తులున్నాయి. దబ్బనాన్ని మాత్రం రోజూ వరస కింద జరుపుతూనే ఉన్నాను, చదువుతున్నట్టు. రాత్రి పడుకుని రేపు ఏం చెప్పాలా అని ఆలోచించేదాన్ని. జీవితంలో నేను చెప్పింది ఎవరూ అలా నోరు తెరుచుకుని వినలేదు. వినేదాన్ని నేను, చెప్పేవాళ్ళు వేరే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పది రోజులు నాకు బాగున్నాయి.

కానీ కట్టుకథ నాకు చేతనైంది కాదు. పదో రోజుకు రెక్క అయిపోయింది, వర్తకుడు అయిపోయాడు. ఆమె మళ్ళీ, "పడవ సంగతి చెప్పు, ఈ గోలంతా ఎందుకు" అంటోంది. మా ఆయన చదివేటప్పుడు ఎవరైనా చచ్చిపోతే నేను సూది ఆపేసేదాన్నని చెప్పాను కదా. అదే గుర్తొచ్చింది. ఒక చావు పెడితే నెల రోజులు ఆమె కదలదనుకున్నాను.

"ఒక నావికుడు ఈదుకుంటూ రేవుకు వచ్చాడు. అతని చేతిలో కేతనుడి తలపాగా ఉంది. నీ భర్త సముద్రంలో కలిసిపోయాడమ్మా అని తరళతో చెప్పాడు."

నేను తల ఎత్తలేదు, దబ్బనాన్ని వరస కిందే ఉంచాను. మాలకొండమ్మ అడిగింది.

"వాడు చూసినాడా?"

"ఆఁ."

"కళ్ళారా?"

"కళ్ళారా చూశాడక్కా. చెయ్యి అందించబోతే అందలేదంట."

"అయితే పోయినట్టే" అంది. లేచి గంప ఎత్తుకుంది. చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పొద్దున దుర్గ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, అరుగు దగ్గరే నిలబడి గబగబా చెప్పింది.

"పిన్నమ్మా, నువ్వేం చదివినావో గానీ మా ఇంటికి పెద్ద పని చేసిపెట్టినావు. అత్త ఆ పొద్దు ఇంటికొచ్చి కూలబడి ఏడిచింది చూడు, పాలెమంతా వొచ్చినారు. పదకొండేళ్ళలో ఆమె కంట నీళ్ళు మేమెవురం చూళ్ళేదు. నిన్న మా ఆయన్ను పిలిచి, ఇంక కానియ్యిరా మీ నాయనకు అనింది. శుక్రవారం పెట్టుకున్నారు. మా ఆయనైతే ఆ బూబమ్మ కాళ్ళు మొక్కాల అంటా ఉండాడు."

ఆమె వెళ్ళాక నేను తలుపు వేసుకున్నాను. ఆ రోజు మంగళవారం.

నేను నోరు మెదపకపోతే నాకేమీ కాదు. ఆ పుస్తకం చదివినవాళ్ళు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. కొడుకు, కోడలు సంతోషంగా ఉన్నారు. కర్మ అయ్యాక ఆమె మెల్లగా నా అరుగు మీదికి వస్తుంది, ఇద్దరం భర్తలు లేనివాళ్ళం, ఇంకా దగ్గరవుతాం. చెబితే ఆమె నా ముఖం చూడదు, నాకున్నది ఆమె ఒక్కతే. కానీ శుక్రవారం ఒక మనిషి తన బొట్టు తుడుచుకోబోతోంది, ఎవరూ చూడని చావుకు నేను సాక్షిని పుట్టించినందుకు. నాకు భర్త పోయినప్పుడు ఆయన ముఖం చూశాను, చెయ్యి పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. తరవాత నాలుగు నెలల పది రోజులని ఒక లెక్క ఉంది, ఆ లెక్క అయిపోయింది. ఆమెకు ముఖమూ లేదు, లెక్కా లేదు. బుధవారం అన్నం వండలేదు. గురువారం మధ్యాహ్నం పుస్తకం చంకలో పెట్టుకుని పాలేనికి నడిచాను.

మాలకొండమ్మ ఇంటి వెనక ఇసకలో వల పరిచి నెత్తళ్ళ చేపలు ఆరబోసింది. చేతి కర్రతో కాకుల్ని తోలుతోంది. నన్ను చూసి, "రా, ఆ నీడన కూర్చో" అంది.

నేను నిలబడే చెప్పాను. "అక్కా, కేతనుడు పోలేదు."

"ఏందీ?"

"పుస్తకంలో అట్టా లేదు. నేనే కల్పించినా. ఆ తెరచాప కాణ్ణించి అంతా నాదే."

ఆమె కర్ర కింద పెట్టింది. "ఎందుకు?"

"నువ్వు అల్లూరు పక్కకి పోతానంటివి గదా. ఇంక రావేమోనని."

"ఆ చూసినోడు?"

"వాడూ లేడక్కా."

"థూ" అంది. ఇసకలోకి ఉమ్మింది. "దీని కోసమా నువ్వు చదువు నేర్చింది?"

ఒక కాకి వచ్చి చేప ఎత్తుకుపోయింది, ఆమె చూడలేదు. తరవాత, "తెచ్చినావు గదా. ఉండేది చదువు" అంది.

దబ్బనం తేలేదు. వేలు పెట్టి చదివాను. ఎండకు కాగితం మెరుస్తోంది, అక్షరాలు కుదురుగా నిలవడం లేదు. ఉప్పు కొలతల మాటలు అయిపోయాయి. ఆ సాయంకాలం కూడా రేవులోకి పడవ రాలేదు. తరళ తాళ్ళు చుట్టి లోపల పెట్టింది. మర్నాడు మబ్బు పట్టింది. పడవ రాలేదు. ఒక్క పేజీ, అంతే.

"చాల్లే" అంది.

"నేనే పెంచలయ్యతో చెప్తానక్కా. తప్పు నాదని చెప్పి ఆపమంటా. రేపు వొద్దు."

"ఏం ఆపతావు?" ఆమె గొంతులో కోపం కూడా లేదు. "పదకొండేళ్ళు నేను ఏడవలే. ఏడిస్తే పోయినట్టే గదా అని పళ్ళు బిగబట్టుకోనుండా. మొన్న ఆ తరళ మొగుడే గదా, ఆ పిల్ల కోసం నాలుగు చుక్కలు రాలిస్తే ఏంపోయిందని మొదలుపెట్టినా. ఏడస్తా ఏడస్తా ఉంటే ముత్యాలయ్య కోసమే అయిపోయింది. ఏడ్చేసినాక ఇంక ఎట్టా మే ఎదురుచూసేది?"

"నేను చెప్పింది అబద్ధమక్కా."

"నీది అబద్ధమే. నా ఏడుపు అబద్ధమా?"

లేచి చేపల్ని తిరగేయసాగింది. నేను వెనక్కి తిరిగాను. నాలుగు అడుగులు వేశాక పిలిచింది.

"రేపు తెల్లారేలోపల రా. మాలో గాజులు మొగుడు లేనోళ్ళే తియ్యాల. నువ్వు తియ్యి."

"నేనా? మీవాళ్ళు ఒప్పుకుంటారా?"

"చంపింది నువ్వే గదా. నువ్వే తియ్యి."

శుక్రవారం వెలుగు రాకముందే వెళ్ళాను. ఒడ్డున గడ్డి బొమ్మను పెంచలయ్య తన నాయన పాత పంచెతో చుడుతున్నాడు. ఆడవాళ్ళు ఆమెను పసుపు రాసి కూర్చోబెట్టారు. నన్ను చూసి ఒక ముసలామె, "బూబమ్మ చేత ఏందే, మనోళ్ళు లేరా?" అంది. "నా చేతులు, నా ఇష్టం" అంది మాలకొండమ్మ. పెంచలయ్య నాకు నమస్కారం పెట్టాడు. అతనికి ఆమె ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

గాజులు పగలగొట్టడం నాకు చేతకాలేదు. సబ్బు నీళ్ళు అడిగాను. పదకొండేళ్ళలో ఆమె చెయ్యి లావయింది, గాజులు మణికట్టు దగ్గర బిగుసుకుపోయాయి. ఒక్కొక్కటీ వేళ్ళు నొక్కిపట్టి లాగాను. ఆమెకు నొప్పి పుడుతున్నా పళ్ళు బిగబట్టుకుని సముద్రం వైపు చూస్తోంది. కుడిచేతి చివరి గాజు మాత్రం నా వేళ్ళ మధ్య విరిగింది. ఆమె చర్మం మీద సన్నగా నెత్తురు గీత పడింది. నా కొంగుతో అద్దాను. అద్దనిచ్చింది.

అంతా అయ్యాక, నేను బయలుదేరబోతుంటే మెల్లగా అంది.

"ఏడాది దాకా నేను ఎవురి గడపా తొక్కకూడదు. నువ్వు కూడా రాబాక. నీ మొగం చూస్తే నాకు ఆ ఈదుకుంటా వొచ్చినోడే కనపడతాడు."

"సరే అక్కా."

"ఆ పిల్లను ఒడ్డున అట్టా వొదిలెయ్యబాక. చదువు. ఉండేదే చదువు."

చదివాను. ఒక్క మాట కలపకుండా, ఒక్క వరస దాటకుండా చదివాను. వినేవాళ్ళు లేకపోయినా పైకే చదివాను. ఆమె కూర్చునే చోట గొంగళిపురుగులు పాకితే ఊడ్చాను. ఎండుచేపల గంప దుర్గ మోస్తోంది ఇప్పుడు. మా వీధిలోంచే పోతుంది, మంచినీళ్ళు మాత్రం అడగదు. చలికాలం పోయింది, ఎండలు పోయాయి. ఆషాఢంలో ఆరో పుస్తకం అయిపోయింది. ఆఖరి పేజీ దాకా పడవ రాలేదు. మూసేశాక మాట చెప్పేందుకు ఎవరూ లేక, సాహిరాకు ఫోను చేసి పుస్తకం అయిపోయిందని చెప్పాను. "ఏ పుస్తకం?" అంది.

పోయిన వారం దుర్గ గంప దించకుండానే ఒక పొట్లం అరుగు మీద పెట్టింది. నెత్తళ్ళు.

"అత్త ఇమ్మనింది."

"ఏమైనా చెప్పిందా అమ్మా?"

"ఏం చెప్పలే. ఇచ్చి రమ్మనింది, అంతే."

ఆ పూట చింతపండు వేసి పులుసు పెట్టాను. ఎండుచేపలో ఉప్పు ఉంటుందని మరిచి మళ్ళీ వేశాను. మంచినీళ్ళు తాగుతూ, ఒక్కదాన్నే కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.

జమాల్‌బీ, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది విడవలూరు మండలంలో, పాలేనికి వెళ్ళే దారి మొదట్లో ఉన్న పాత ఇంట్లోనే.